ఆఫీసు ఫోనుకు తాళం ఎవరు వేయాలి?



ఈ సంచికకు ప్రతి ఏడూ పిల్లల చదువుల గురించే రాస్తూ వస్తున్నాను. ఈసారి టెలిఫోను గురించి రాస్తానన్నాను. ప్రెసిడెంట్ సాబ్ కాసేపు నా ముఖం చూసి, "మాస్టర్ సాబ్, ఆ పండుగ బిల్లు సంగతేనా?" అన్నారు. అవునన్నాను. "రాయండి. దాతలకు ఎప్పుడో చెప్పవలసిన మాట" అన్నారు. కాబట్టి ముందు ఆ బిల్లు సంగతి చెప్పి, తర్వాత దాని వల్ల నేర్చుకున్న పాఠం చెబుతాను. శంషాబాద్ చుట్టుపక్కల లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు, గోదాములు, ట్రావెల్స్ ఆఫీసులు నడుపుతున్న దాతలు మనలో చాలామంది ఉన్నారు. వారికి ఇది సొంతంగానూ పనికొస్తుంది.

పండుగ సెలవుల్లో ఏం జరిగింది

కొన్నేళ్ల కిందటి మాట. సాతంరాయిలోని మన ఆఫీసుకూ హాస్టలుకూ కలిపి రెండు టెలిఫోన్ లైన్లు, పదహారు ఎక్స్‌టెన్షన్లు ఉండేవి. వాటిని కలిపే పెట్టెను ఒక దాత ఇచ్చారు. ఆయన తన లాడ్జిలో కొత్తది పెట్టించుకుంటూ, పాతది బాగానే పనిచేస్తోందని మనకు పంపించారు. ఒక కుర్రవాడు వచ్చి వైర్లు కలిపి, అన్ని గదులకూ ఫోన్లు మోగించి చూపించి వెళ్లాడు. మేమూ సంతోషించాం.

అంతకుముందే ఒక లైనుకు ఐ.ఎస్.డి. సౌకర్యం తీసుకుని ఉన్నాం. జెద్దాలో, దుబాయిలో ఉన్న దాతలకు రంజాన్ నెలలో ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాలని ఆ ఏర్పాటు. దరఖాస్తు మీద సంతకం నాదే. ఆ నెలలో పది, పన్నెండు ఫోన్లు చేశాం. తర్వాత ఒక్కటీ చేయలేదు. సౌకర్యాన్ని మాత్రం తీయించలేదు. డబ్బులేమీ అడగడం లేదు కదా, ఉంటే ఉండనీ అనుకున్నాం.

ఆ ఏడు రంజాన్ పండుగ శుక్రవారం వచ్చింది. గురువారం సాయంత్రం ఆఫీసుకు తాళం వేస్తే మళ్లీ సోమవారం పొద్దున తీశాం. గేటు దగ్గరే వాచ్‌మన్ ఎదురొచ్చి, "సార్, మన నంబరు మూడు దినాల నుంచి ఎంగేజే వస్తున్నదట. ఒక పిల్లగాని తల్లి వికారాబాద్ నుంచి బస్సెక్కి వచ్చింది" అన్నాడు. ఇంటికి వెళ్లలేక హాస్టల్లోనే పండుగ చేసుకున్న పిల్లల్లో ఆమె కొడుకు ఒకడు. పండుగనాడు వాడి గొంతు వినాలని పొద్దుటి నుంచి రాత్రి దాకా ఫోన్ చేసిందట. ఎప్పుడు చేసినా ఎంగేజే. పిల్లవాడికి ఏమైందోనని భయపడి వచ్చేసింది. కొడుకును చూసుకుని, రెండు మెతుకులు తిని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. లైను చెడిపోయి ఉంటుందని మేము అంతటితో వదిలేశాం.

నెలాఖరుకు బిల్లు వచ్చింది. మామూలుగా రెండు వేలు దాటని బిల్లు నలభై ఒక్క వేల చిల్లర ఉంది. వివరాలు తెప్పించుకుని చూస్తే అన్నీ విదేశీ కాల్స్. గురువారం రాత్రి మొదలై సోమవారం తెల్లవారుజాము దాకా ఒకటి తర్వాత ఒకటి. సోషల్ చెప్పే మాస్టరునైన నేనే అట్లాస్ తీసి వెతుక్కోవలసి వచ్చిన ద్వీపాలకు వెళ్లాయవి. అక్కడ మనకు దాతా లేడు, చుట్టమూ లేడు.

టెలిఫోన్ కంపెనీ వారి దగ్గరకు వెళ్లాం. వారు మర్యాదగానే మాట్లాడారు. "కాల్స్ మీ లైను నుంచే వెళ్లాయి. మీ ఎక్స్ఛేంజీని కాపాడుకోవడం మీ బాధ్యత" అన్నారు. వాయిదాల్లో కట్టుకునే వీలు కల్పించారు, అంతే. ఆ ఏడాది ముప్పై మంది పిల్లల యూనిఫారాలకూ నోటుబుక్కులకూ అనుకున్న మొత్తం దాదాపు అంతే అవుతుంది. కార్యవర్గం కూర్చుని మాట్లాడుకుంది. దాతలు ఇచ్చింది అమానత్. మన అజాగ్రత్తకు అందులోంచి చెల్లించే హక్కు మనకు లేదని ప్రెసిడెంట్ సాబ్ తేల్చి చెప్పారు. సభ్యులందరం తలా కొంత వేసుకుని కట్టేశాం. ఖాతాలో ఆ నష్టం కనిపించదు కాబట్టి మీకు చెప్పనూ లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

తాళం కప్ప కథ

నా వయసువారికి నల్లటి డయల్ ఫోన్లు గుర్తుంటాయి. డయల్ రంధ్రంలో చిన్న తాళం కప్ప పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని తిరిగే ఇంటి యజమానులు, దుకాణదారులు ఉండేవారు. మనం లేనప్పుడు ఎవరూ ఫోన్ వాడుకోకూడదని ఆ ఏర్పాటు. అయితే తెలివైన కుర్రాళ్లు డయల్ జోలికే వెళ్లేవారు కాదు. రిసీవరు పెట్టే చోట ఉండే మీటను టకటకా కొట్టేవారు. మూడుసార్లు కొడితే మూడు, పదిసార్లు కొడితే సున్నా. ఆ ఫోన్లలో డయల్ చేసే పనల్లా లైనును అన్నిసార్లు తెంపి కలపడమే. ఆ పని వేలితోనూ చేయవచ్చు. తాళం డయల్‌కు వేశాం, లైను మాత్రం తెరిచే ఉంది.

అంతకుముందు రోజుల్లో దూరపు ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకోవాలి. ఆపరేటరు నంబరు అడిగి, రాసుకుని, కలిపేవారు. అంటే ప్రతి కాల్‌కూ ఒక మనిషి కాపలా ఉండేవాడు. మన దేశంలో 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదటి ఎస్.టి.డి. వచ్చింది. 1976లో బొంబాయి నుంచి లండనుకు ఐ.ఎస్.డి. మొదలైంది. ఎవరికి వారే నేరుగా డయల్ చేసుకోవచ్చు, ఎంత సౌకర్యం! కాని యంత్రం నంబరు చూస్తుంది, నొక్కిన వేలు ఎవరిదో చూడదు. ఆపరేటరు చేసిన కాపలా పని ఆరోజు నుంచి లైను ఎవరి పేరు మీద ఉందో వారి నెత్తిన పడింది. చాలామంది ఆ సంగతి గమనించలేదు.

యంత్రాన్ని మాయ చేయడం ఒక్క మన దేశపు విద్య కాదు. అమెరికాలో 1960లలో దూరపు లైను ఖాళీగా ఉందని ఎక్స్ఛేంజీలు ఒకదానికొకటి 2600 హెర్ట్జ్ శబ్దంతో చెప్పుకొనేవి. ఒక రకం సీరియల్ డబ్బాలో పిల్లలకు ఉచితంగా ఇచ్చిన ఈలలోంచి సరిగ్గా అదే శబ్దం వస్తుందని కొందరు కనిపెట్టి, ఫోనులో ఈల వేసి ఉచితంగా మాట్లాడుకున్నారు. ఆపిల్ కంపెనీ పెట్టకముందు స్టీవ్ వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్ ఇద్దరూ అలాంటి శబ్దాలు చేసే 'బ్లూ బాక్సులు' తయారు చేసి అమ్మినవారే. అప్పుడు నష్టపోయింది టెలిఫోన్ కంపెనీ. ఇప్పుడు దొంగలు మనలాంటి ఆఫీసు ఎక్స్ఛేంజీల మీద పడుతున్నారు. నష్టపోయేది మనం.

ఆ పెట్టెలో ఏముంది

ఆఫీసుల్లో గోడకు తగిలించి ఉండే ఆ పెట్టెను ఇ.పి.ఎ.బి.ఎక్స్. అంటారు. దానికి ఒకవైపు టెలిఫోన్ కంపెనీ ఇచ్చిన లైన్లు, రెండోవైపు గదుల్లోని ఫోన్లు కలుస్తాయి. గదికీ గదికీ మధ్య మాటలు దానిలోనే తిరుగుతాయి, వాటికి చార్జీ లేదు. సున్నా నో తొమ్మిదో నొక్కితే బయటి లైను దొరుకుతుంది. చార్జీ మొదలయ్యేది అక్కడే.

ఏ గది ఫోను నుంచి ఎంత దూరం మాట్లాడవచ్చో ఆ పెట్టెలో నిర్ణయించవచ్చు. తరగతి గదిలో పిల్లలను బెంచీల వారీగా కూర్చోబెట్టినట్టే ఇదీ. వంటగది ఫోనుకు లోపలి మాటలు చాలు. వార్డెనుకు ఊళ్లో నంబర్లూ సెల్ నంబర్లూ కావాలి. అకౌంటెంటుకు దేశమంతా కావాలి. విదేశాలకు ఎవరికి కావాలి? ఎవరికీ అక్కరలేకపోవచ్చు. ఈ అమరికను మెకానిక్ చేయగలడు గాని, ఎవరికి ఏది కావాలో అతను చెప్పలేడు. అది కార్యవర్గం చెప్పాలి. చెప్పకపోతే అతను అన్ని ఫోన్లకూ అన్నీ తెరిచి వెళ్లిపోతాడు. మళ్లీ మళ్లీ పిలవకుండా ఉంటారని అతని ఉద్దేశం.

అదే పెట్టె ఒక చిట్టా కూడా రాస్తుంది. ఏ తేదీన, ఏ గంటకు, ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి, ఏ నంబరుకు, ఎంతసేపు మాట్లాడారో అందులో ఉంటుంది. ప్రింటరో కంప్యూటరో తగిలిస్తే కాగితం మీదకు వస్తుంది. మా పెట్టెకు ఆ సౌకర్యం ఉందని మాకు బిల్లు వచ్చాకే తెలిసింది.

దొంగ వచ్చే దారులు

మొదటిది మా ఇంట్లోకి వచ్చిన దారి. బయటివారు ఫోన్ చేయగానే రికార్డు చేసిన గొంతు స్వాగతం పలికి, ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కమంటుంది కదా. ఆ సౌకర్యంతో పాటే ఇంకొకటి ఉంటుంది. బయట తిరిగే మేనేజరు ఆఫీసుకు ఫోన్ చేసి, రహస్య సంఖ్య నొక్కి, ఆఫీసు లైను మీదుగా ఎక్కడికైనా మాట్లాడవచ్చు. చార్జీ ఆఫీసుకు పడుతుంది. లాడ్జి యజమానికి అది అవసరమై ఉంటుంది. మాకు వచ్చిన పెట్టెలో అది తెరిచే ఉంది. రహస్య సంఖ్య కంపెనీ మొదట పెట్టి పంపిందే ఉంది. అలాంటి సంఖ్యలు ఆ మోడలు పుస్తకంలోనే అచ్చై ఉంటాయి. చిట్టా చూసిన మెకానిక్ ఆ నాలుగు రోజుల కాల్స్‌లో ఏ ఎక్స్‌టెన్షన్ నంబరూ లేదని చూపించాడు. ఒక లైను మీద లోపలికి వచ్చి, రెండో లైను మీద బయటికి వెళ్లిపోయాయి. రెండు లైన్లూ అలా నిండిపోయినందుకే ఆ తల్లికి ఎంగేజ్ వచ్చింది.

రెండోది వాయిస్ మెయిల్ దారి. ఎవరూ వాడని పెట్టెలకు 1234, 0000 లాంటి సంఖ్యలే ఉంటాయి. వాటిలోకి దూరి, ఆ ఎక్స్‌టెన్షనుకు వచ్చే కాల్స్‌ను విదేశీ నంబరుకు మళ్లించే వీలు కొన్ని పెట్టెల్లో ఉంటుంది.

మూడోది ఇంటర్నెట్ దారి. ఇప్పుడు కొత్త ఆఫీసుల్లో ఫోన్లు కూడా కంప్యూటర్ కేబుల్ మీదే నడుస్తున్నాయి. అలాంటి ఎక్స్ఛేంజీని జాగ్రత్త లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే, దాన్ని వెతికి పట్టుకునే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. అవి ఎక్స్‌టెన్షన్ 100, 101, 102 అని వరసగా తలుపు తడతాయి. 101కి పాస్‌వర్డు కూడా 101 అయితే అక్కడే దొరికిపోతాం. మనిషి కూర్చుని చేసే పని కాదు కాబట్టి, మనది చిన్న ఆఫీసు, మన మీద ఎవరి కన్ను పడుతుందిలే అనుకోవడానికి వీల్లేదు.

నాలుగోది మాటల దారి. "టెలిఫోన్ డిపార్ట్‌మెంటు నుంచి మాట్లాడుతున్నాం, లైను టెస్టు చేస్తున్నాం, ఫలానా అంకెలు నొక్కండి" అని రిసెప్షన్‌కు ఫోన్ వస్తుంది. నొక్కితే లైను వారి చేతికి పోతుంది. సెల్ ఫోన్లలో దీని తమ్ముడు ఉన్నాడు. స్టార్ 401 హ్యాష్ నొక్కి ఒక నంబరు కొట్టమంటారు. కొడితే మన కాల్స్ అన్నీ ఆ నంబరుకు వెళ్లిపోతాయి, బ్యాంకు నుంచి ఫోనులో చెప్పే ఓటీపీతో సహా. కేంద్ర టెలికాం శాఖ 2024 జనవరిలో దీని గురించి హెచ్చరించింది. అలా అంకెలు నొక్కి కాల్స్ మళ్లించే పద్ధతినే 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయమని కంపెనీలను ఆదేశించింది. ఫోన్ చేసి అంకెలు నొక్కమనే డిపార్ట్‌మెంటు ఏదీ లేదని మన రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి ముందే చెప్పి ఉంచాలి.

ఎవరికి లాభం?

బిల్లు చూసినప్పుడు నాకు అర్థం కానిది ఇదే. ఎవరో ఊరకే నాలుగు రోజులు ఆ ద్వీపాలకు ఫోన్ చేసి ఏం బాగుపడతారు?

విదేశానికి కాల్ వెళ్లినప్పుడు మనం కట్టే డబ్బులో కొంత అక్కడి టెలిఫోన్ కంపెనీకి చేరుతుంది. కొన్ని దేశాల్లో, కొన్ని నంబర్లకు ఆ వాటా చాలా ఎక్కువ. అలాంటి నంబర్లను అద్దెకు తీసుకుని, వచ్చిన ప్రతి నిమిషానికీ వాటా పంచుకునే వ్యాపారులు ఉన్నారు. దొంగ ముందుగా అలాంటి నంబరు సంపాదించుకుంటాడు. తర్వాత మన ఎక్స్ఛేంజీలో దూరి, మన ఖర్చుతో తన నంబరుకే ఫోన్ చేసుకుంటాడు. అవతల ఎవరూ మాట్లాడనక్కరలేదు, నిమిషాలు తిరిగితే చాలు. అతని వాటా అతనికి త్వరగా అందుతుంది. మన బిల్లు నెలాఖరుకు వస్తుంది. మనకు తెలిసేసరికి అతను డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. సెలవులకూ అర్ధరాత్రులకూ అతను కాచుకుని కూర్చునేది అందుకే.

ఈ వ్యాపారం ఎంత పెద్దదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2009 జూన్‌లో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన కేసులో, ఫిలిప్పీన్స్‌లోని కొందరు 2,500కు పైగా సంస్థల ఎక్స్ఛేంజీల్లోకి చొరబడ్డారు. ఆ దొంగ లైన్ల మీద 1 కోటి 20 లక్షల నిమిషాలకు పైగా మాటలు సాగాయి, వాటి విలువ 5 కోట్ల 50 లక్షల డాలర్లకు పైనే. రెండోది 2014 మార్చిలో జార్జియా రాష్ట్రంలో జరిగింది. ఏడుగురు పనిచేసే ఒక చిన్న ఆర్కిటెక్టుల ఆఫీసు ఫోన్ల నుంచి ఒక్క వారాంతంలో గాంబియా, సోమాలియా, మాల్దీవులకు కాల్స్ వెళ్లాయి. బిల్లు 1,66,000 డాలర్లు. ఆ ఆఫీసు మామూలుగా మాట్లాడుకుంటే అంత బిల్లు కావడానికి 34 ఏళ్లు పడుతుందని అప్పట్లో పత్రికలు లెక్కగట్టాయి. టెలికాం మోసాలన్నీ కలిపి ప్రపంచానికి ఏటా దాదాపు 4,000 కోట్ల డాలర్ల నష్టమని ఆ రంగపు సంఘం ఒకటి 2021లో అంచనా వేసింది. వాటి పక్కన మన నలభై ఒక్క వేలు చిన్నవే. కాని ముప్పై మంది పిల్లల యూనిఫారాలు చిన్నవి కావు.

గది అద్దెకు అడిగినప్పుడు

ఈ మోసానికి ఇంకొక ముఖం ఉంది. హైదరాబాదువారికి అది బాగా తెలియాలి.

మన ఇళ్లలో గల్ఫ్‌కు వెళ్లినవారు లేని ఇల్లు అరుదు. ఒకప్పుడు వారితో రెండు నిమిషాలు మాట్లాడటానికి ఐ.ఎస్.డి. బూత్ గాజు తలుపు బయట వరస కట్టేవాళ్లం. ఎస్.టి.డి. అయితే రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ అని పిల్లలను నిద్రలేపి తీసుకువెళ్లేవారు. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెడుతుంటే తల్లులు సగం మాటలు మింగేసుకునేవారు. విదేశీ మాటలు ఖరీదైనంత కాలం, వాటిని దొంగదారిన చవకగా చేరవేసేవారూ ఉంటారు. విదేశం నుంచి కాల్‌ను ఇంటర్నెట్ మీద ఇక్కడికి తెచ్చి, ఇక్కడి పెట్టెలో పదుల కొద్దీ సిమ్ కార్డులు పెట్టి, లోకల్ కాల్‌లా మార్చి వదులుతారు. ఫోను ఎత్తితే దుబాయి నుంచి మాట్లాడుతున్న మనిషి, తెర మీద మాత్రం మన దేశపు నంబరు. ఇలాంటి అక్రమ ఎక్స్ఛేంజీలను మన నగరంలోనూ పోలీసులు పట్టుకోవడం పత్రికల్లో చూసే ఉంటారు.

ఇది పైకి పేదవాడికి చవకగా మాట కలిపే సేవలాగే కనిపిస్తుంది. కాని ఆ కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ కనుక్కోలేరు. బెదిరింపులకూ, బ్యాంకు మోసాలకూ అదే దారి వాడతారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

2008 మార్చిలో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి మన వైపు గదులకు గిరాకీ పెరిగింది. ఎవరైనా వచ్చి, "మనుషులెవరూ ఉండరు, రెండు పెట్టెలు పెట్టుకుంటాం, ఇంటర్నెట్టూ కరెంటూ ఉంటే చాలు, అద్దె రెట్టింపు ఇస్తాం" అంటే ఆలోచించండి. ఇల్లు మీది, ఇంటర్నెట్ కనెక్షన్ మీ పేరున ఉంది. పోలీసులు ముందు తట్టేది మీ తలుపే. మీ ఆధార్ మీద ఇంకెవరైనా సిమ్‌లు తీసుకున్నారేమో కేంద్ర ప్రభుత్వ 'సంచార్ సాథీ' పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీవి కానివి ఉంటే అక్కడే చెప్పి తీయించవచ్చు.

మేము ఇప్పుడు చేస్తున్నది

ఆ బిల్లు తర్వాత కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. క్యాష్ బాక్సుకు బాధ్యుడు ఉన్నట్టే ఫోనుకూ ఒక బాధ్యుడు ఉండాలని. సంతకం నాది కాబట్టి ఆ పని నేనే తీసుకున్నాను. చేసినవి ఇవి:

1. అక్కరలేని ఐ.ఎస్.డి. సౌకర్యాన్ని టెలిఫోన్ కంపెనీకి లిఖితపూర్వకంగా రాసి తీయించాం. మన పెట్టెలో వేసిన తాళాన్ని దొంగ విప్పగలిగినా, కంపెనీ ఎక్స్ఛేంజీలోనే లైను మూసి ఉంటే కాల్ వెళ్లదు. అన్నిటికంటే గట్టి తాళం ఇది. ఖర్చు ఒక కాగితం.

2. పెట్టెలో మొదటి నుంచి ఉన్న రహస్య సంఖ్యలన్నీ మార్చాం. కొత్తవి కవరులో పెట్టి, సీలు వేసి, బీరువాలో ఉంచాం. మెకానిక్ మారినా, ఆఫీసులో మనిషి మారినా మళ్లీ మారుస్తాం.

3. బయటి నుంచి వచ్చి బయటికి వెళ్లే సౌకర్యాన్ని పూర్తిగా మూయించాం. ఒక లైను మీద వచ్చిన కాల్ ఇంకొక లైను మీద బయటికి పోకుండా కట్టించాం.

4. ఏ ఎక్స్‌టెన్షన్‌కు ఏది కావాలో ఒక పట్టిక రాసి, కార్యవర్గం సంతకాలతో గోడకు తగిలించాం. ఆఫీసు మూసే వేళ నుంచి తెరిచే వేళ దాకా వార్డెను గది తప్ప ఏ ఫోను నుంచీ బయటికి కాల్ వెళ్లదు. ఆసుపత్రి, పోలీసు నంబర్లు మాత్రం అన్ని ఫోన్ల నుంచీ, అన్ని వేళలా వెళ్తాయి. తాళం వేసేటప్పుడు ప్రాణం నిలిపే తలుపు మూసేయకూడదు.

5. ప్రతి సోమవారం చిట్టా ప్రింటు తీసి చూస్తాం. పది నిమిషాల పని. వంటగదికి కూరగాయల లెక్క చూసినట్టే. సెలవుల తర్వాత తప్పకుండా చూస్తాం.

6. ఎవరూ వాడని ఎక్స్‌టెన్షన్లు, వాయిస్ మెయిల్ పెట్టెలు తీయించాం.

ఇంటర్నెట్ మీద నడిచే ఎక్స్ఛేంజీ ఉన్న దాతలు ఇంకొక మూడు మాటలు తమ మెకానిక్‌ను అడగండి. "మన ఎక్స్ఛేంజీ బయటి ప్రపంచానికి కనిపిస్తోందా? తప్పు పాస్‌వర్డు నాలుగుసార్లు కొట్టినవాడిని అది ఆపేస్తుందా? రోజుకు ఇంత డబ్బు దాటితే లైను ఆగిపోయేలా కంపెనీతో పరిమితి పెట్టించామా?" మూడింటికీ తిన్నగా జవాబు రాకపోతే ఇంకొకరిని పిలవండి.

ఒకవేళ ఇంత చేసినా జరిగితే, ఆ గంటలోనే కంపెనీకి ఫోన్ చేసి విదేశీ కాల్స్ ఆపించండి. కంప్లైంటు నంబరు రాసుకోండి. చిట్టాను చెరపకుండా ప్రింటు తీసి భద్రం చేయండి. 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ నేరంగా ఫిర్యాదు ఇవ్వండి. మేము సోమవారం పొద్దున వాచ్‌మన్ మాట విన్నప్పుడే చిట్టా చూసి ఉంటే బిల్లు తగ్గేది కాదు గాని, కంపెనీ ముందు కనీసం ఆ పూటే చెప్పామని నిలబడగలిగేవాళ్లం.

చివరిగా ఒక మనవి

ఆ పెట్టె ఇచ్చిన దాత పేరు నేను రాయను. బిల్లు సంగతి తెలిసి ఆయన చాలా బాధపడ్డారు. ఆయన తప్పు ఏమీ లేదు. పాత ఇల్లు కొన్నవాడు ముందు చేసే పని తాళాలు మార్పించడం. మేము ఆ పని చేయలేదు. మీలో ఎవరైనా పాత కంప్యూటరు, పాత సెల్ ఫోను, పాత ఎక్స్ఛేంజీ ఇవ్వాలనుకుంటే సంతోషంగా ఇవ్వండి. దానితో పాటు దాని పాస్‌వర్డులు రాసిన కాగితం కూడా ఇవ్వండి. తీసుకున్న రోజునే మార్చే పూచీ మాది.

ఇప్పుడు ఈద్ సెలవులకు ఆఫీసు మూసే ముందు నేను మూడు తాళాలు చూస్తాను. గేటుది, బీరువాది, ఫోనుది. మొదటి రెండింటికీ తాళంచెవులు ఉన్నాయి. మూడోదానికి గోడ మీద ఒక పట్టిక, సోమవారం ఒక ప్రింటు ఉన్నాయి. పండుగనాడు హాస్టల్ ఫోను మోగితే పిల్లలు పరుగెత్తుకు వచ్చి ఎత్తుతారు. వికారాబాద్ నుంచి ఆ తల్లి మళ్లీ బస్సెక్కి రావలసిన అవసరం పడలేదు.

మీరిచ్చిన ప్రతి రూపాయికీ రశీదు ఇవ్వడం మాకు అలవాటే. మా పొరపాటుకు కూడా ఈ వ్యాసాన్ని రశీదుగా స్వీకరించగలరని మనవి.